మామగారు ఇంట్లో ఉండటం లేదు, ఏం చేయాలి?

కూకట్‌పల్లి_కోడలు · ఏప్రిల్ 20, 2020

నిన్న ముఖ్యమంత్రి ప్రెస్‌మీట్ చూశాక నిద్ర పట్టలేదు. కరోనా లాక్‌డౌన్ మే 7 దాకా అట. పొడిగిస్తారని తెలుసు, దానికి కాదు నా బాధ. అన్నాళ్ళు మా మామగారిని గుమ్మం దాటకుండా ఎలా ఆపాలా అని.

ఆయనకు 71 ఏళ్ళు. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. పొద్దున ఆరయ్యేసరికి గుడ్డ సంచి చంకలో పెట్టుకుని లిఫ్ట్ దగ్గర ఉంటారు. ఎక్కడికంటే "కూరగాయలు" అంటారు. ఫ్రిజ్ నిండా కూరలే. చాలాసేపటికి ఒక కొత్తిమీర కట్ట పట్టుకుని వస్తారు. ఒక్కోసారి అదీ ఉండదు, "బాగాలేవమ్మా, తేలేదు" అంటారు. మాస్కు గడ్డం కింద ఉంటుంది. మొన్న చౌరస్తాలో కానిస్టేబుల్ ఆపితే "మూడు కిలోమీటర్ల లోపల తిరగొచ్చని మీ పెద్దవాళ్ళే చెప్పారు, మా ఇల్లు ఆ కనిపించేదే" అని ఆయనతోనే వాదించారట. ఇంటికొచ్చి అదేదో గెలిచొచ్చినట్టు చెప్పారు కూడా.

మా ఆయన చెబితే "నీకేం తెలుసురా" అంటారు. నేను చెబితే మర్యాదగా వింటారు, మర్నాడు ఇంకో పావుగంట ముందే వెళ్తారు. రామాయణం వచ్చినన్నాళ్ళు తొమ్మిదింటికల్లా టీవీ ముందుకు వచ్చేసేవారు, అదీ మొన్న శనివారంతో అయిపోయింది. మా ఇద్దరికీ ఆఫీసు ఇంట్లోంచే. పిల్లలిద్దరు. పనమ్మాయి రావట్లేదు. ఇన్నిటి మధ్య ఆయన సంచి ఎక్కడ పెట్టారు, చేతులు కడిగారా, చెప్పులు ఎక్కడ విప్పారు అని వెంటపడటం నా వల్ల కావట్లేదు. మీ ఇళ్ళల్లో ఎలా ఆపుతున్నారు?

నైట్‌షిఫ్ట్_నాని

చెప్పులు దాచెయ్యండి. మా నాన్నకు అదే చేశాం.

నైట్‌షిఫ్ట్_నాని

అప్‌డేట్: నా చెప్పులు వేసుకుని వెళ్ళారు.

గుంటూరు_ఘాటు

మీకింకా నయం. మాది రెడ్‌జోన్, అంటే కేసులు ఎక్కువున్న ఏరియా, వీధికి రెండు వైపులా బారికేడ్లు. మా నాన్నగారు వెళ్దామన్నా దారి లేదు. ఇప్పుడు బాల్కనీలో కుర్చీ వేసుకుని, కింద కనపడిన ప్రతివాణ్ణీ "ఎక్కడికోయ్?" అని నిలదీస్తున్నారు. పోలీసులకు జీతం లేని మనిషి దొరికాడు.

బత్తాయి_బాబు

ఆ కొత్తిమీర కట్ట ఎంతకు తెస్తున్నారో కనుక్కోండి. మా కాలనీ బండి దగ్గర ఇరవై చెప్పాడు. మీ మామగారు తక్కువకు తెస్తుంటే మాక్కూడా నాలుగు కట్టలు.

రిటైర్డ్_హెడ్మాస్టర్

ఇక్కడ రాసేవాళ్ళందరూ కొడుకులు, కోడళ్ళే. మీరు ఆపుతున్నవాళ్ళలో నేనొకణ్ణి కాబట్టి ఆ వైపు నుంచి కూడా ఒక మాట.

నాకు 69. మామూలు రోజుల్లో పొద్దున నడక, పార్కులో బెంచీ, అక్కడ నలుగురు స్నేహితులు, వచ్చేటప్పుడు టీ. మా రోజు అంటే ఆ రెండు గంటలే. తర్వాత సాయంత్రం దాకా టీవీ ముందు కాలక్షేపం. ఇప్పుడు మీ మీటింగుల వల్ల అది కూడా సౌండు తీసేసి చూడాల్సి వస్తోంది. పార్కు మూశారు. గుడి మూశారు. టీకొట్టు మూశారు. తెరిచి ఉన్నది కూరగాయల బండి, మందుల షాపు, పాల బూత్. మందుల కోసం రోజూ వెళ్తే మీరు కంగారు పడతారు, అందుకని కొత్తిమీర.

అమ్మాయ్, ఒకటి అడుగుతాను. మీ అపార్ట్‌మెంట్‌కు పేపరు వస్తోందా?

మూడో_అంతస్తు

మాస్టారూ, బాధ అర్థమైంది గానీ ఒప్పుకోను. మార్చి 19న ప్రధాని మాట్లాడినప్పుడే అరవై, అరవై ఐదు దాటినవాళ్ళు కొన్ని వారాలు ఇల్లు కదలొద్దన్నారు. షుగరున్నవాళ్ళకు ఇది వస్తే ఎలా ఉంటుందో రోజూ చూస్తున్నాం. గాంధీ ఆసుపత్రిలో చేరిస్తే ఇంట్లోవాళ్ళు పక్కన కూర్చోవడానికి లేదు. ఆయన సరదా పావుగంటదే కావచ్చు, తర్వాత అనుభవించేది ఇంటిల్లిపాదీ.

రిటైర్డ్_హెడ్మాస్టర్

సరదా అన్నారు చూడండి, అక్కడే వచ్చింది తేడా.

కూకట్‌పల్లి_కోడలు

మాస్టారూ, పేపరు మార్చి నెలాఖరు నుంచి బంద్. కాగితం మీద వైరస్ వస్తుందని ఎవరో ఫార్వర్డ్ పంపితే అసోసియేషన్ వాళ్ళు ఆపేశారు. ట్యాబ్‌లో ఈ-పేపరు పెట్టిచ్చాం. వేళ్ళతో పెద్దది చేయబోతే పేజీ మారిపోతుంది. ఆయనకు కోపం వచ్చి ట్యాబ్ బోర్లా పెట్టేశారు. ఎందుకు అడిగారు?

రిటైర్డ్_హెడ్మాస్టర్

బయట ఎక్కడో కొట్టు దగ్గర పేపరు చదివి వస్తున్నారేమో కనుక్కో. నేనదే చేస్తున్నాను.

హాస్టల్_పక్షి

😂😂 మాస్టారు దొరికిపోయారు

సెక్రటరీని_నేనే

(మీ అపార్ట్‌మెంట్ కాదులెండి, నాది నిజాంపేట వైపు.) ఆపితే తిట్లు, రానిస్తే తిట్లు. పేపరు రానిస్తే 302 వాళ్ళు గ్రూపులో వీడియోలు పెడతారు. ఆపితే 405లో పెద్దాయన నా తలుపు కొట్టి "నా చందా డబ్బులు ఎవరిస్తారు" అంటారు. లిఫ్టులో బటన్లు నొక్కడానికి టూత్‌పిక్‌ల డబ్బా పెట్టాం. రెండో రోజుకే డబ్బా మాయం. శానిటైజర్ సీసాకు తాడు కట్టాం. మనవాళ్ళు సీసా వదిలేసి లోపలి శానిటైజర్ పోసుకెళ్ళారు. ఏ జీతమూ లేని ఈ పదవికి పోటీ చేసి మరీ గెలిచాను నేను.

అమీర్‌పేట_బ్యాచిలర్

మీరందరూ అత్తామామలతో బాధపడుతున్నారు. ఈరోజు నుంచి మాకు ఫుడ్ డెలివరీ కూడా బంద్. రూమ్‌లో ముగ్గురం. ఒకడికి అన్నం వచ్చు, ఒకడికి గుడ్డు వచ్చు. నాకు గిన్నెలు తోమడం వచ్చు.

బత్తాయి_బాబు

నీకు వచ్చినదే అన్నిటికన్నా కష్టం తమ్ముడూ. పెళ్ళి సంబంధానికి బయోడేటాలో రాసుకో.

సరళా_సాఫ్ట్‌వేర్

గిన్నెల మాట వచ్చింది కాబట్టి. మా టీమ్ కాల్‌లో మా అత్తగారు వెనక నుంచి వచ్చి "ఉల్లిపాయలు ఎన్ని తరగను?" అని అడిగారు. పుణెలో ఉన్న మేనేజర్‌కు తెలుగు రాదు, అయినా విషయం అర్థమై "నాలుగు చాలు" అని చేత్తో చూపించాడు. ఆవిడ నిజంగా నాలుగే తరిగారు.

నవ్వొచ్చే సంగతి అదొక్కటే. మిగతాదంతా ఒళ్ళు హూనం. ఆఫీసులో తొమ్మిది గంటలు పని. ఇంట్లో దానికి లెక్క లేదు, రాత్రి పదింటికి కూడా "ఇంట్లోనే ఉన్నారుగా" అని కాల్ పెడతారు. డైనింగ్ టేబుల్ కుర్చీలో కూర్చుని నడుము పోయింది. మా ఆయనకు బెడ్‌రూమ్, తలుపు మూసుకునే హక్కు. నాకు వంటింటి పక్క మూల. ఆయన కాల్స్ ముఖ్యమైనవి, నావి మాత్రం కుక్కర్ విజిల్స్ మధ్య అవుతాయి. ఎవరూ కూర్చుని నిర్ణయించింది కాదిది, మొదటిరోజు అలా జరిగిపోయింది, అదే రాజ్యాంగం అయిపోయింది.

కూకట్‌పల్లి_కోడలు

సరళగారూ, అక్షరం మార్చక్కర్లేదు. మా ఇంట్లో మూల కూడా పిల్లాడి క్లాసులకు పోయింది. నాది ఇస్త్రీ టేబుల్.

మూడో_అంతస్తు

మేం వారం వారం మార్చుకుంటున్నాం. ఈ వారం రూమ్ ఆవిడది. మొదటి వారం నేను హాల్లో కూర్చున్నాక తెలిసింది మా అబ్బాయి రోజుకు ఎన్నిసార్లు "నాన్నా" అని పిలుస్తాడో.

సరళా_సాఫ్ట్‌వేర్

మీ ఆవిడ అదృష్టవంతురాలు అని రాయబోయాను. రాయను. సగం వాటా దొరకడం అదృష్టం ఎందుకవుతుంది?

నైట్‌షిఫ్ట్_నాని

పనివాళ్ళకు అందరూ జీతాలు ఇస్తున్నారా? మా అపార్ట్‌మెంట్ గ్రూపులో దీని మీదే యుద్ధం. రానప్పుడు పూర్తి జీతం ఎందుకని కొందరు, సగం అని కొందరు.

పై_పోర్షన్

సగం ఇచ్చాను. నాకూ సగమే వస్తోంది.

దీపిక_డిగ్రీ · ఏప్రిల్ 21

మా అమ్మ నాలుగు ఇళ్ళల్లో చేస్తుంది. రెండిళ్ళవాళ్ళు మార్చి జీతం పూర్తిగా ఇచ్చారు, ఒకావిడ ఫోన్‌లో పంపించి సరుకులు కావాలా అని కూడా అడిగింది. మూడో ఇంట్లో సగం. నాలుగో ఆవిడ "గవర్నమెంటు మీకు బియ్యం, డబ్బులు ఇస్తోందిగా" అంది.

ఇస్తోంది, కాదనను. మనిషికి 12 కిలోల బియ్యం వచ్చాయి. కార్డుకు 1,500 పడ్డాయి. కానీ మా ఇంటి అద్దె ఒక్కటే 4,000. నాన్న సెంట్రింగ్ పని, సైట్ మూసేశారు. బియ్యం ఉన్నాయి గానీ నూనె, పప్పు, గ్యాసు, ఫోన్ రీఛార్జ్ బియ్యంతో కొనలేం కదా. నా క్లాసులు ఆ ఫోన్‌లోనే.

పని మానేసింది అమ్మ కాదు. గేటు దగ్గర ఆపింది అపార్ట్‌మెంట్ వాళ్ళు. ఆ తేడా గుర్తుపెట్టుకుంటే చాలు.

కూకట్‌పల్లి_కోడలు

మేం పూర్తిగానే ఇచ్చాం దీపికా. ఇస్తూనే ఉంటాం.

పై_పోర్షన్

పాప చెప్పింది సబబుగా ఉంది. రేపు మిగతా సగం పంపిస్తాను. కానీ నా గోడు కూడా వినండి.

నిన్నగాక మొన్న సీఎం చెప్పారు, మార్చి, ఏప్రిల్, మే మూడు నెలల అద్దె అడగొద్దు, తర్వాత వాయిదాల్లో వడ్డీ లేకుండా తీసుకోండని. సెంట్రింగ్ పని చేసేవాళ్ళ దగ్గర అడగకూడదు, నిజమే. మా కింద వాటాలో ఉన్నది సాఫ్ట్‌వేర్ అబ్బాయి. జీతం నెల నెలా నిండుగా పడుతోంది. ప్రెస్‌మీట్ ఇంకా అయిపోలేదు, "అంకుల్, సీఎంగారు చెప్పింది విన్నారా" అని మెసేజ్! నాది ప్రైవేటు ఉద్యోగం, ఈ నెల సగం జీతం. ఇంటి మీద లోను. బ్యాంకు వాళ్ళు మూడు నెలలు కట్టకపోయినా ఫర్వాలేదంటున్నారు, కానీ వడ్డీ మీద వడ్డీ పడుతూనే ఉంటుందట. అద్దెకు వడ్డీ లేదు, నా అప్పుకు ఉంది.

మూడో_అంతస్తు

డబ్బు ఉంటే ఈఎంఐ కట్టేయండి. రిజర్వు బ్యాంకు మార్చి 27న ఇచ్చింది వాయిదా మాత్రమే, మాఫీ కాదు. ఇరవై ఏళ్ళ లోనులో మొదటి ఏళ్ళలో ఉన్నవాళ్ళు ఆపితే చివర్లో చాలా నెలలు అదనంగా పడతాయి.

అమీర్‌పేట_బ్యాచిలర్

ఆ కింద వాటా అబ్బాయిని నేను కాదు. ముందే చెప్తున్నా.

రిటైర్డ్_హెడ్మాస్టర్

పింఛను మాకూ మార్చికి సగమే పడింది. ఇప్పుడు ముప్పాతిక ఇస్తామంటున్నారు. కష్టకాలం, సర్దుకుంటాం. కాకపోతే ఇంట్లో అందరికీ "నాన్నకేంటి, పింఛను వస్తుంది" అనే ధీమా ఒకటి ఉంటుంది చూడండి, అది మాత్రం సగం కాలేదు.

దుబాయ్_స్టీరింగ్ · ఏప్రిల్ 21

మీ మామగారు మీ కండ్ల ముందు ఉన్నారు అక్కా, తిట్టుకోవచ్చు. మా అమ్మ జగిత్యాల దగ్గర ఊర్లో ఒక్కతే. నేను ఇక్కడ రూమ్‌లో ఆరుగురితో. కంపెనీ బండ్లు ఆగినయి, తిండి పెడుతున్నారు, జీతం సంగతి తెల్వదు. విమానాలు లేవు. ఊర్లోకి ఎవరూ రాకుండా పొలిమేరలో ముళ్ళకంప అడ్డం వేసిండ్రట. నాకేమో అమ్మ బీపీ గోళీలు అయిపోతున్నయని రంది. ఊర్లో మందుల షాపు లేదు. మండలానికి పోవాలె. ఎవరిని అడగాలో తోస్తలేదు.

మందుల_షాపు

అన్నా, బీపీ గోళీలు మధ్యలో ఆపనివ్వకు. పాత చీటీ ఫొటో కానీ, అయిపోయిన స్ట్రిప్ ఫొటో కానీ వాట్సాప్‌లో తెప్పించుకో. మండలంలో ఉన్న షాపుకు ఫోన్ చేసి ఆ ఫొటో పంపు, డబ్బులు ఫోన్‌లోనే వేయి. ఊళ్ళో ఆశా వర్కర్ ఇప్పుడు ఇల్లిల్లూ తిరుగుతోంది, ఆమె నంబరు పట్టుకుంటే గోళీలు చేరతాయి. ఫోన్‌లో డాక్టరుతో మాట్లాడి చీటీ రాయించుకోవడానికి కూడా మార్చి 25 నుంచి కేంద్రం రూల్స్ ఇచ్చింది. ఒక్క నెలకు కాకుండా రెండు నెలలకు తీసుకో.

కోడలుగారూ, మీ మామగారివి కూడా ఒకేసారి తెచ్చి పెట్టుకోండి. బయటికి వెళ్ళడానికి ఒక సాకు తగ్గుతుంది.

ఇంకో విషయం. జ్వరం, జలుబు, దగ్గు మందులు కొన్నవాళ్ళ పేరూ ఫోన్ నంబరూ రాసుకోమని మాకు ఆర్డరు వచ్చింది. దానికి మా మీద అరవకండి. హైడ్రాక్సీక్లోరోక్విన్ (మలేరియా మందు) కరోనా రాకుండా ముందు జాగ్రత్తకు కావాలని రోజూ అడుగుతున్నారు. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వం. కీళ్ళవాతానికి, లూపస్‌కు అది వాడేవాళ్ళకే దొరకట్లేదు.

పేరు_వద్దు

ఇక్కడ అడగొచ్చో లేదో. మా మరిది రోజూ తాగుతాడు. షాపులు మూశాక కూడా బ్లాకులో దొరికింది, పోయిన వారం నుంచి అదీ లేదు. చేతులు వణుకుతున్నాయి, నిద్ర లేదు. రాత్రి గోడ మీద ఏవో పాకుతున్నాయి తియ్యండి అంటున్నాడు. ఇంట్లోవాళ్ళు "మంచిదే, అలవాటు పోతుంది" అంటున్నారు.

మందుల_షాపు

అమ్మా, ఆగొద్దు. లేనివి కనిపిస్తున్నాయంటే ప్రాణానికే ప్రమాదం, ఫిట్స్ రావొచ్చు. ఇప్పుడే 108కి ఫోన్ చేయండి. ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో శానిటైజర్ సీసాలు అందకుండా పెట్టండి. లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఎర్రగడ్డ ఆసుపత్రికి ఇలాంటివాళ్ళు చాలామంది వచ్చారు, అక్కడివాళ్ళకు ఇది కొత్త కాదు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

పేరు_వద్దు · ఏప్రిల్ 22

చేర్పించాం. సెలైన్ పెట్టారు. థ్యాంక్స్ అండి.

హాస్టల్_పక్షి

అందరి కథలూ వింటుంటే నాదీ రాయాలనిపించింది. లాక్‌డౌన్ చెప్పగానే మా హాస్టల్ ఓనరు ఖాళీ చేయమన్నాడు. పోలీస్ స్టేషన్ ముందు లైన్లో నిలబడి ఊరెళ్ళడానికి కాగితం తీసుకున్నాం. ఉగాది రోజున బయల్దేరాం. ఆంధ్ర బోర్డర్‌లో గరికపాడు చెక్‌పోస్టు దగ్గరికి వచ్చేసరికి రోడ్డంతా బళ్ళు. కాగితం చెల్లదట, వస్తే పద్నాలుగు రోజులు క్వారంటైన్ అట. తిరిగి వెళ్దామంటే హాస్టల్ తాళం. ఆ రాత్రి హైవే మీదే. పక్క ఊరివాళ్ళెవరో పులిహోర పొట్లాలు పంచారు, ఉగాదికి చేసుకున్నదేమో. పచ్చడి లేదు గానీ ఆరు రుచులూ తెలిశాయి.

ఇప్పుడు ఇంట్లోనే ఉన్నా. మా అమ్మ నన్ను చూసి ఏడ్చింది రెండ్రోజులు. ఇప్పుడు నేను పదింటికి లేస్తే తిడుతోంది. అంతా నార్మల్.

గుంటూరు_ఘాటు

తమ్ముడూ, ఊరు ఏది? మా బాబాయిగారి అబ్బాయి కూడా ఆ రాత్రి అక్కడే ఉన్నాడు.

హాస్టల్_పక్షి

తెనాలి అన్నా. అక్కడ సగం మంది మనవైపువాళ్ళే.

బత్తాయి_బాబు

సీరియస్ అయిపోయింది. మా ఆవిడ నాకు ట్రిమ్మర్‌తో క్రాపు చేసింది. ఫొటో పెట్టను. వీడియో కాల్స్‌లో టోపీ పెట్టుకుంటున్నాను. "ఏసీ ఎక్కువైందా?" అని అడిగాడు మేనేజరు. ఏప్రిల్ నెలలో, హైదరాబాద్‌లో.

నైట్‌షిఫ్ట్_నాని

మా చెల్లి కాఫీ పొడి, చక్కెర, నీళ్ళు కలిపి నురగ వచ్చేదాకా గిలకొట్టింది. అదేదో డాల్గోనా అట. మా నాన్న ఒక గుక్క తాగి "మామూలు కాఫీ ఎప్పుడిస్తావమ్మా" అన్నారు.

కూకట్‌పల్లి_కోడలు · ఏప్రిల్ 24

మాస్టారు చెప్పింది నిజమే. మొన్న మంగళవారం మా ఆయన వెనకాలే వెళ్ళి చూశారు. పాల బూత్ పక్కన అరుగు మీద ఒక పేపరు, నలుగురు పెద్దవాళ్ళు. దూరం దూరంగా కూర్చుని ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్ళు వింటున్నారట! దూరం పాటిస్తున్నారు, ఆ ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. మా మామగారు చదివే మనిషి. ఆయన కళ్ళజోడు బాగుందట.

అసోసియేషన్‌తో పోట్లాడి, గేటు దగ్గర వాచ్‌మన్ టేబుల్ మీద పేపరు వేయించుకునేలా ఒప్పించాం. ఎవరిది వాళ్ళే కిందికి వచ్చి తీసుకోవాలి. మా అత్తగారు దాన్ని ఇస్త్రీ చేసి ఇస్తున్నారు, క్రిములు పోతాయని. అక్షరాలు పోనంతవరకు నాకు అభ్యంతరం లేదు. మిగతా ముగ్గురు పెద్దవాళ్ళ నంబర్లు తీసుకుని గ్రూప్ కాల్ కలిపిస్తున్నాం. ఏడింటికి మా హాల్లో హెడ్‌లైన్స్ మొదలు. పిల్లలు లేచిపోతున్నారు, అది వేరే బాధ.

మూడో_అంతస్తు

ఇప్పుడు వెళ్ళట్లేదా మరి?

కూకట్‌పల్లి_కోడలు

రెండు రోజులు ఆగారు. ఇవాళ "ఆవకాయ కాయలు వచ్చుంటాయి, చూసొస్తా" అన్నారు.

రిటైర్డ్_హెడ్మాస్టర్

ఇది సాకు కాదు. ఇది అవసరం.

సరళా_సాఫ్ట్‌వేర్

మొబైల్ రైతు బజార్ బండి మీ కాలనీకి రావట్లేదా? మా దగ్గరికి వస్తోంది. మార్కెటింగ్ శాఖ వాళ్ళు 300 రూపాయల పండ్ల ప్యాక్ కూడా ఇళ్ళకు పంపుతున్నారు. పచ్చడి కాయలు మాత్రం అందులో ఉండవు, బండివాడికే ముందు చెప్పి పెట్టుకోవాలి.

గుంటూరు_ఘాటు

కాయలు దొరుకుతాయి. కారం సంగతి చూసుకోండి. ఇక్కడ మిర్చి యార్డు మూతపడి ఉంది. ఇంట్లో ఎండుమిరప ఉన్నవాళ్ళు మర పట్టించుకోవడానికి మిల్లులు పొద్దున సడలింపు ఇచ్చిన మూడు గంటల్లోనే తెరుస్తున్నారు, అదీ రెడ్‌జోన్ కానిచోట. గుంటూరులో ఉండి ప్యాకెట్ కారం కొనాల్సి వచ్చింది మాకు. ఎవరికీ చెప్పకండి.

చార్మినార్_చాయ్ · ఏప్రిల్ 25

మీకు ఆవకాయ అయినా ఉంది. ఇవాళ్టి నుంచి రంజాన్. ఈసారి హలీం చేయబోమని హోటళ్ళవాళ్ళు ముందే చెప్పేశారు. రాత్రి చదివే తరావీ నమాజు ఇంట్లోనే, నేనూ అబ్బా తమ్ముడూ హాల్లో చాపలు వేసుకుని చదివాం. అబ్బాకు మసీదులో ఆయన చోటు ఆయనకుంది, ముందు వరుసలో స్తంభం పక్కన. ఇంట్లో కూడా గోడ పక్కనే నిలబడ్డారు. అమ్మీ హలీం ట్రై చేస్తానంటోంది. గోధుమలు దొరికాయి, గంటలు గంటలు కలపడానికి మనిషి కావాలి. ఆ మనిషిని నేనేనట.

అమీర్‌పేట_బ్యాచిలర్

భాయ్, మీ ఇల్లు మూడు కిలోమీటర్ల లోపలేనా?

చార్మినార్_చాయ్

అమీర్‌పేట నుంచి? కాదు. పోలీసులు ఆపితే హలీం కోసం అని చెప్పు, హైదరాబాదీ అయితే వదిలేస్తాడు.

న్యూజెర్సీ_నళిని

ఏటా మే నెలలో ఎవరో ఒకరు ఇండియా నుంచి వస్తూ మా అమ్మ పచ్చళ్ళు తెచ్చేవారు. ఈసారి రాకపోకలు లేవు. ఇక్కడ మన సరుకుల స్టోరులో పచ్చి మామిడికాయలు ఉన్నాయి, గుమ్మం బయటే పెట్టి వెళ్తున్నారు. జీవితంలో మొదటిసారి ఆవకాయ నేనే పెట్టబోతున్నా. అమ్మను కొలత అడిగితే "చూసి వేసుకోవాలి" అంటుంది. ఎవరైనా గిన్నె లెక్కలో చెప్పండి ప్లీజ్.

సరళా_సాఫ్ట్‌వేర్

నాలుగు గిన్నెల ముక్కలకు గిన్నె కారం, గిన్నె ఆవపిండి, ముప్పావు గిన్నె ఉప్పు. పప్పునూనె రెండు గిన్నెల దాకా పట్టొచ్చు. అయోడిన్ లేని ఉప్పు అయితే మంచిది. కాయలు కడిగి, పూర్తిగా తుడిచి, ఆరబెట్టాకే కోయండి. తడి తగిలిందా, బూజే. మూడో రోజు కలిపి ఉప్పు చూసుకోండి.

న్యూజెర్సీ_నళిని

ఆవపిండి ఎక్కువైతే చేదొస్తుందా? టెంకతో కోయడానికి కత్తిపీట లేదు. టెంక తీసేస్తే ఫర్వాలేదా?

రిటైర్డ్_హెడ్మాస్టర్

టెంక లేకపోతే ముక్క మెత్తబడుతుంది, నెల కూడా ఆగదు. బరువైన కత్తి పెట్టి వెనక నుంచి సుత్తితో కొట్టండి. లోపల జీడి తీసి, ఆ పైపొర కూడా తుడిచెయ్యాలి.

గుంటూరు_ఘాటు

వెల్లుల్లి మర్చిపోయారు సరళగారు.

సరళా_సాఫ్ట్‌వేర్

మర్చిపోలేదు. మా ఇంట్లో వెయ్యం.

గుంటూరు_ఘాటు

వెల్లుల్లి వెయ్యకుండా ఆవకాయా?

బత్తాయి_బాబు

అయిపోయింది. ఇక మే 7 దాకా ఇదే నడుస్తుంది. నళినిగారూ, మీరు సగం జాడీలో వేసి, సగం దాంట్లో మానేసి, రెండూ ఫొటో తీసి పెట్టండి.

న్యూజెర్సీ_నళిని

జాడీ లేదండీ. గాజు సీసా పనికొస్తుందా?